పన్ను సంగతి అడుగుతారు, భయం సంగతి కూడా అడగండి

సంపాదకులకు నమస్కారం.

ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఉండేది రామ్‌నగర్‌లో. పంటి డాక్టరు పేరు చెబితే యాభై ఏళ్లు భయపడ్డాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోలేదు. నాలాంటివాళ్లు ఈ నగరంలో ఇంకా చాలామంది ఉంటారనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు పల్లె. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లం. నా పన్నెండో ఏట దవడపన్ను పిప్పి పట్టింది. మా చిన్నాయన తల ఒత్తిపట్టుకున్నాడు, ఇంకొకరు కాళ్లు పట్టుకున్నారు. ఊళ్లోకి వచ్చిన ఒకాయన మత్తు లేకుండానే పట్టకారుతో పీకేశాడు. పన్ను ఊడేటప్పటి చప్పుడు బయటివాళ్లకు వినపడదు, మన చెవి లోపలే వినిపిస్తుంది. ఆ కరకర నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ తర్వాత నొప్పి వచ్చిన ప్రతిసారీ లవంగ నూనెలో ముంచిన దూది, నొప్పి మాత్రలు. ఎడమవైపు నమలడమే మానేశాను. మూడేళ్ల కిందట దవడ వాచి నోరు తెరుచుకోకపోతే, తప్పక ఒక క్లినిక్‌కు వెళ్లాను. డాక్టరు నా పళ్ల మీద మచ్చలు చూసి "బ్రష్ చేయరా?" అన్నాడు. అవి ఫ్లోరైడ్ మచ్చలని చెప్పడానికి కూడా నాకు నోరు రాలేదు. సూది వేసి వెంటనే పని మొదలుపెట్టాడు. నొప్పి అంటే "మత్తు ఇచ్చాను కదా, నొప్పెందుకుంటుంది?" అన్నాడు. లేచి వచ్చేశాను. వాపు, చీము ఉన్నచోట మత్తుమందు సరిగా పట్టదని తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం తప్పు నాదేననుకున్నాను.

మా అమ్మాయి పట్టుబట్టి విద్యానగర్‌లో ఇంకొక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె నా చేతికి ఒక కాగితం ఇచ్చింది. అందులో 5 ప్రశ్నలు. రేపు డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే మీకెలా ఉంటుంది? బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు? పంటికి డ్రిల్లింగ్ చేయబోతుంటే? పళ్లు క్లీన్ చేయబోతుంటే? చిగురుకు సూది వేయబోతుంటే? ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 19, అంతకంటే ఎక్కువ వస్తే భయం తీవ్రంగా ఉన్నట్టు. నాకు 23 వచ్చింది. అది చూసి ఆమె "ఇన్నింటిలో మీకు అసలు భయం దేనికి?" అని అడిగింది. "చేతులూ తలా పట్టుకుంటారేమోనని" అన్నాను. ఆ మాట నేను జీవితంలో మొదటిసారి బయటికి అనడం.

"ఇక్కడ మిమ్మల్ని ఎవరూ పట్టుకోరు. ఎడమ చెయ్యి ఎత్తండి, నేను ఆపేస్తాను" అంది. ఉత్త అద్దం నోట్లో పెట్టి, చెయ్యి ఎత్తి చూడమంది. ఎత్తాను, తీసేసింది. ఆ రోజుకు అంతే, వాపు తగ్గడానికి మాత్రలు రాసి పంపింది. వారం తర్వాత పొద్దున్నే రమ్మంది. షుగరు ఉంది కాబట్టి టిఫిన్ తిని, మాత్రలు వేసుకునే రమ్మంది. చిగురుకు జెల్ రాసి రెండు నిమిషాలు ఆగింది. సూది మందు మెల్లగా ఎక్కించింది. "ఈ మందులో అడ్రినలిన్ ఉంటుంది, గుండె కాసేపు దడదడలాడొచ్చు, కంగారుపడకండి" అని ముందే చెప్పింది. నిజంగానే దడ వచ్చింది, తగ్గింది. ముందే చెప్పకపోతే అప్పుడే కుర్చీ దిగిపోయేవాణ్ని. పెదవి బరువెక్కాక, చిగురును గుచ్చి చూసి అప్పుడు మొదలుపెట్టింది. నేను మూడుసార్లు చెయ్యెత్తాను. మూడోసారి నొప్పి లేదు, ఆపుతుందో లేదోనని ఎత్తాను. ఆపింది.

భయం భయంలా కనపడదు. "పైపన్ను తీస్తే చూపు పోతుందట" అంటాం, "లవంగం పెడితే తగ్గింది" అంటాం, "డ్యూటీ ఉంది" అంటాం. పైపన్నుకూ చూపుకూ సంబంధం లేదని డాక్టర్లు ఎంత చెప్పినా, ఆ మాట వెనకున్న భయాన్ని అడగకపోతే మనిషి కుర్చీ దాకా రాడు. పిల్లలు మాట వినకపోతే "డాక్టరుతో సూది వేయిస్తా" అని బెదిరించే తల్లిదండ్రులకు కూడా నా విన్నపం, దయచేసి ఆ మాట మానండి.

అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్యశాలకూ, నగరంలోని ప్రైవేటు క్లినిక్‌లకూ నేను కోరేది ఒకటే. ఓపీ చీటీ మీద బీపీ, షుగరు, మందులు పడకపోవడం గురించి రాసేచోట ఇంకొక్క గీత గీయండి: "మీకు దేనికి భయం?" ఆ 5 ప్రశ్నలూ తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి బెంచీల దగ్గర పెట్టండి. వంతు కోసం ఎలాగూ కూర్చుంటాం, అక్కడే నింపుతాం. డాక్టరు సమయం పోదు. చదవడం రానివాళ్లకు పక్కనున్న సిస్టరు చదివి వినిపించినా చాలు.

మా ఆవిడకు కింది పన్ను కదులుతోంది, ఏడాదిగా దాటవేస్తోంది. మొన్న ఆదివారం ఆ 5 ప్రశ్నలూ చదివి వినిపించాను. సూది దగ్గరికి రాగానే "ఇదే, ఇంకేం లేదు" అంది. ఆ మాట చీటీ మీద రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. మంగళవారం డాక్టరమ్మకు ఇస్తాను.

ఒక విశ్రాంత ఆర్టీసీ కండక్టర్,
రామ్‌నగర్, హైదరాబాద్