మా పిల్లలకు సుబ్బారావు గారి నీలిరంగు చూపించండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను నల్లగొండ జిల్లాలోని ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో కెమిస్ట్రీ లెక్చరర్‌ని. ఈ లేఖ జీతం గురించి కాదు, బదిలీ గురించీ కాదు. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని ప్రతి ప్రభుత్వ జూనియర్ కళాశాల ల్యాబుకు ఒక కలరీమీటర్, అంటే ద్రావణం రంగు ఎంత చిక్కగా ఉందో కొలిచే పరికరం, ఇప్పించండి. దానితో చేసే రెండు ప్రయోగాలను ప్రాక్టికల్స్‌లో చేర్చండి. అడిగేది చిన్నదే అయినా ఎందుకు అడుగుతున్నానో కాస్త వివరంగా చెప్పుకోవాలి.

బైపీసీ చదివే ఏ పిల్లనైనా లేపి అడగండి, కండరానికి శక్తి ఏటీపీ నుంచి వస్తుందని తడుముకోకుండా చెబుతుంది. ఆ ఏటీపీని కండరంలో కనిపెట్టినవాళ్లలో ఒక తెలుగువాడు ఉన్నాడని మాత్రం చాలామందికి తెలియదు. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదువుతున్నప్పుడు స్వదేశీ పట్టుదలతో ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, పూర్తి డిగ్రీకి బదులు తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్ పట్టాతో బయటికి వచ్చారు. తర్వాత అమెరికాలోని బోస్టన్ చేరి, పూట గడవడానికి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని కూడా చేశారు. ఆ తర్వాత హార్వర్డ్ వైద్య కళాశాలలో జీవరసాయన శాస్త్రవేత్త సైరస్ ఫిస్కే దగ్గర చేరారు.

అక్కడ చేసిన పని గురించి కొంచెం నెమ్మదిగా చెప్పనివ్వండి. ఎందుకంటే పిల్లలకు దక్కకుండా పోతున్నది సరిగ్గా అదే.

రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే సులువైన, నమ్మదగిన పద్ధతి కోసం ఇద్దరూ కష్టపడ్డారు. ఆమ్లంలో అమ్మోనియం మాలిబ్డేట్ కలిపితే ఫాస్ఫేట్ దానితో జతకడుతుంది. తర్వాత అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం చేర్చితే ద్రావణం నీలంగా మారుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. 1925లో అచ్చయిన ఈ పద్ధతి ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా ప్రపంచమంతా పాకింది. దశాబ్దాలపాటు ఆసుపత్రుల ల్యాబుల్లో రక్తంలోని ఫాస్ఫరస్‌ను ఇలాగే చూశారు.

ఇదే పద్ధతిని వాళ్లు కండరం మీద పెట్టి చూశారు. అప్పుడే కోసిన పిల్లి కండరాన్ని చల్లగా ఉంచి, రసం తీసి, మందులు కలిపారు. మామూలుగా అయితే కొద్ది నిమిషాల్లో రంగు తేలి అక్కడే నిలబడాలి. ఈ గొట్టంలో అలా జరగలేదు. మొదట వెలవెలబోయి కనిపించిన నీలం నిమిషం నిమిషానికీ చిక్కబడుతూ పోయింది. మందు పాతదైందని పారబోసి మళ్లీ మొదలుపెట్టేవాళ్లే ఎక్కువమంది ఉంటారు. వీళ్లు మాత్రం ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. కండరంలో ఫాస్ఫేట్‌ను వదులుగా పట్టుకున్న పదార్థం ఏదో ఉంది. పరీక్ష జరుగుతుండగానే అది విడిపోతోంది, విడిపోయిన కొద్దీ రంగు పెరుగుతోంది. తీగ లాగితే కండరంలో ఉండే క్రియాటిన్ అనే పదార్థం బయటపడింది. ఒక క్రియాటిన్‌కు ఒక ఫాస్ఫేట్. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. నరాన్ని ప్రేరేపించి కండరం చేత పని చేయిస్తే అది తగ్గుతుందనీ, విశ్రాంతినిస్తే మళ్లీ చేరుతుందనీ చూపించారు. అదే సమయంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా అలాంటి పదార్థాన్నే గమనించారు, కానీ దాని అసలు కూర్పును తేల్చినవాళ్లు వీళ్లిద్దరే. 1929లో అదే కండరంలో ఏటీపీని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా ఆ ఏడాదే విడిగా దాన్ని కనుగొన్నాడు.

ఆ నీలిరంగు ఆలస్యం ఎంత పెద్ద నమ్మకాన్ని కదిలించిందో చూడండి. కండరంలో పుట్టే వేడికి, లాక్టిక్ ఆమ్లానికి సంబంధించిన పరిశోధనలకు 1922 సంవత్సరపు నోబెల్‌ను ఆర్చిబాల్డ్ హిల్, ఆటో మెయరాఫ్ అందుకున్నారు. కండరాన్ని ముడుచుకునేలా చేసేది లాక్టిక్ ఆమ్లమేనని అప్పటి శాస్త్రవేత్తలు గట్టిగా అనుకున్నారు. ఫాస్ఫోక్రియాటిన్ వచ్చాక ఆ లెక్క తప్పింది. 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం అసలు పుట్టకుండా ఆపేసిన కండరం కూడా కొంతసేపు పనిచేస్తుందని చూపించాడు. ఆ కాసేపూ ఖర్చయింది ఫాస్ఫోక్రియాటినే. పాఠంలో ఇది రెండు వాక్యాల్లో అయిపోతుంది. దశలు, సమీకరణాలు బట్టీ పడతారు, పరీక్ష రాస్తారు, మర్చిపోతారు.

తప్పు పిల్లలది కాదు, మంత్రి గారూ. చాలా కళాశాలల్లో ల్యాబు గది ఉంటుంది, బీరువాకు తాళం ఉంటుంది. లోపల లేబుళ్లు ఊడిపోయిన సీసాలు, అడుగున గట్టిపడిన మందులు. ప్రాక్టికల్ పరీక్షల ముందు రికార్డులు హడావుడిగా నిండుతాయి. రీడింగులు ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్తాయి, అందరి జవాబూ దశాంశంతో సహా ఒకటే. రంగు ఎందుకు ఆలస్యమైందని అడిగే అవకాశమే ఆ పిల్లలకు రాదు, ఎందుకంటే వాళ్ల గొట్టంలో ఏ రంగూ రాలేదు. ల్యాబ్ అటెండరు లేని చోట లెక్చరరే సీసాలు కడుక్కుని, పాఠం చెప్పుకుని, అన్ని సెక్షన్లనూ చూసుకోవాలి. టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

నేనడిగే మొదటి ప్రయోగం సుబ్బారావు గారి ఫాస్ఫరస్ పద్ధతి. దీనికి విదేశాల నుంచి ఏమీ తెప్పించనక్కర్లేదు. సాల్ట్ అనాలిసిస్‌లో ఫాస్ఫేట్‌ను పట్టుకునే అమ్మోనియం మాలిబ్డేటే ఇక్కడా కావాలి. కండరమే తేవాలని కూడా లేదు. దుకాణంలో కొన్న మటన్‌లో ఫాస్ఫోక్రియాటిన్ అప్పటికే విడిపోయి ఉంటుంది. డీఏపీ బస్తా చాలు. సాగర్ ఆయకట్టులో వరి వేసే ఏ రైతు ఇంట్లోనైనా దొరుకుతుంది. చిటికెడు డీఏపీని నీళ్లలో కరిగించి, బాగా పలుచన చేసి, అందులో ఫాస్ఫరస్ ఎంతుందో పిల్లలు కొలిచి బస్తా మీద అచ్చేసిన శాతంతో సరిచూసుకుంటారు. భూసార పరీక్షలో భాస్వరం అంకె వచ్చేది కూడా మాలిబ్డేట్ ఇచ్చే నీలిరంగు నుంచే. నాన్న చేతిలోని కార్డు మీది అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజు బిడ్డకు తెలుస్తుంది.

రెండో ప్రయోగం ఫ్లోరైడ్. ఈ జిల్లాకు అది ఎందుకు కావాలో మీకు చెప్పనక్కర్లేదు. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వంగిపోయిన నడుములు చూసినవాళ్లం మనమంతా. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు తయారుచేస్తే, అది మన ఊరి పేరుతోనే నల్లగొండ టెక్నిక్‌గా ఆఫ్రికా దాకా వెళ్లింది. ఆ నల్లగొండలో చదివే పిల్ల తన పొలం బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో స్వయంగా చూడలేకపోవడం నాకు బాధగా ఉంది. భగీరథ నీళ్లు వచ్చాక మార్పు వచ్చింది, కాదనను. కానీ చేలో పనికి వెళ్లినవాళ్లు దాహమైతే తాగేది బోరు నీళ్లే. జిర్కోనియం కలిపిన ఎర్రని రంగుమందులో ఫ్లోరైడ్ పడితే ఎరుపు వెలిసిపోతుంది. ఎంత వెలిసిందో కలరీమీటర్ చెబుతుంది. తాగునీటికి పెట్టిన హద్దులైన లీటరుకు 1 మిల్లీగ్రాము దాటిందా, 1.5 దాటిందా అన్నది అప్పుడు వాళ్లకే తెలుస్తుంది.

కండర పరిశోధనకూ ఫ్లోరైడ్‌కూ ఒక పాత బంధం ఉంది. 1930లలో జర్మన్ శాస్త్రవేత్తలు కండరపు రసంలో సోడియం ఫ్లోరైడ్ కలిపి, చక్కెర విరిగే క్రమాన్ని మధ్యలో ఆపి, అక్కడ పేరుకున్న పదార్థాన్ని చూసి గ్లైకాలిసిస్ మెట్లు ఒక్కొక్కటీ తెలుసుకున్నారు. షుగర్ పరీక్షకు రక్తం తీసే గొట్టంలో నేటికీ ఫ్లోరైడ్ ఉండేది, రక్తంలోని చక్కెర అలా విరిగిపోకుండా ఆపడానికే. తాగునీటిలోని మోతాదు దానికన్నా ఎన్నో రెట్లు తక్కువ. అది ఏళ్ల తరబడి పళ్లలో, ఎముకల్లో చేరి చేసే హాని వేరు. ఈ రెంటినీ కలిపేసి జనాన్ని భయపెట్టకూడదని కూడా పిల్లలు నేర్చుకోవాలి.

సుబ్బారావు గారు గోదావరి జిల్లా మనిషి కదా, మనకెందుకని ఎవరైనా అనవచ్చు. బోదకాలు రాకుండా మన ఊళ్లలో ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర ఆయన అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధనలు నడిపిస్తున్నప్పుడు, 1947లో బయటికి వచ్చిందే. ఆ మాత్ర వేసుకున్న చేతులకు ఆయన పరాయివాడు కాడు.

కలరీమీటర్ ఖరీదు ఒక ఆఫీసు గదిలో పెట్టే ఏసీ కన్నా తక్కువే. దాంతోపాటు మందులకు ఏటా కొంత నిధి, ఖాళీగా ఉన్న ల్యాబ్ అటెండర్ల పోస్టుల భర్తీ, లెక్చరర్లకు ఒకరోజు శిక్షణ కావాలి. ఇంటర్ బోర్డు ఈ రెండు ప్రయోగాలను చేర్చి, రికార్డులో ఏ పిల్ల రీడింగు ఆ పిల్లే రాయాలని, రీడింగ్ తేడాగా వస్తే మార్కులు కోయకుండా కారణం అడగాలని ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. అన్ని చోట్లా ఒకేసారి వీలుకాకపోతే ముందు ఫ్లోరైడ్ మండలాల కళాశాలలతో మొదలుపెట్టండి. వచ్చే జనవరి 12, అంటే సుబ్బారావు గారి పుట్టినరోజు లోపు అనుమతి ఉత్తర్వు ఇప్పించండి. నీళ్ల శాంపిళ్లు తెచ్చే పని మా పిల్లలు చూసుకుంటారు.

ఇట్లు
కెమిస్ట్రీ లెక్చరర్, ప్రభుత్వ జూనియర్ కళాశాల,
నల్లగొండ జిల్లా