తల్వార్ తరగతి గదులను మన పిల్లలకు చెప్పండి

అయ్యా,

నేను 1972లో కాజీపేటలో రైలెక్కి, రేకు పెట్టెతో విశాఖపట్నం పోయి నౌకాదళంలో బాయ్‌గా, అంటే శిక్షణ కుర్రాడిగా, చేరినవాణ్ణి. తర్వాత కొచ్చిలో మోర్స్, అంటే చుక్కలు గీతల చప్పుళ్లతో వార్తలు పంపే పద్ధతి, నేర్చుకున్నాను. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో పెన్సిలు, ఎదురుగా అయిదేసి అక్షరాల గళ్ల కాగితం. 'చెవిన పడ్డది చేతికి రావాలె, నడుమ ఆలోచన పెట్టుకోవద్దు' అనేవారు మా మాస్టారు. ఆలోచిస్తే నాలుగు అక్షరాలు దాటిపోయేవి. సాయంత్రానికి చూపుడువేలు మీద పెన్సిలు గుంట పడేది.

1946 నావికుల తిరుగుబాటు మొదలైన బొంబాయి 'తల్వార్' సిగ్నల్ స్కూల్లోనూ, అంటే బ్రిటిష్ కాలపు నౌకాదళ శిక్షణ కేంద్రంలోనూ, ఇట్లాగే వైర్‌లెస్ నేర్చుకునే కుర్రాళ్లుండేవారని ఉద్యోగం మానేశాకే చదివి తెలుసుకున్నాను. 1945 డిసెంబర్ 1న నేవీ డే నాటికి అక్కడి గోడల మీద 'జైహింద్', 'క్విట్ ఇండియా' రాతలు కనిపించాయి. తర్వాత ఆ రాతల విషయంలో అక్కడి నావికుడు బి.సి. దత్‌ను పట్టుకున్నారు. తల్వార్ అధికారి కమాండర్ కింగ్ కుర్రాళ్లను కూలీల కొడుకులని తిట్టాడు. నా తండ్రి కూలీయే, ఆ మాట చదివినప్పుడు నాకే తగిలినట్టనిపించింది. 1946 ఫిబ్రవరి 18 పొద్దున దాదాపు 1,500 మంది అక్కడ పెట్టే నాసిరకం తిండి ముట్టకుండా లేచారు. అయిదారు రోజుల్లో సమ్మె 78 ఓడలకు, దాదాపు 20 వేల మంది నావికులకు పాకింది. కరాచీ, మద్రాసు, కలకత్తా, విశాఖ కూడా లేచాయి. పటేల్ సలహాతో 23న లొంగిపోయారు. వందల మంది కొలువు పోయింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా వాళ్లను మళ్లీ నౌకాదళంలోకి తీసుకోలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

అదే ఏడాది జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య అమరుడైన సంగతి మన దగ్గర బడిపిల్లలకు కూడా తెలుసు, తెలియాలి కూడా. నాలుగున్నర నెలల ముందు ఖాళీ కంచాలతో నిలబడ్డ ఆ నావికుల సంగతి మాత్రం మా మనుమరాలి పుస్తకంలో ఒక్క వాక్యంతో అయిపోయింది. తల్వార్ పేరు కూడా లేదు.

ఏటా ఫిబ్రవరి 18న మీ పత్రికలో పిల్లల పేజీలో వాళ్ల కథ వేయండి. నా దగ్గర పాత మోర్స్ కీ ఉంది, ఇంకా మోగుతుంది. హనుమకొండ, కాజీపేట, వరంగల్‌లో ఏ బడివాళ్లు పిలిచినా పట్టుకొని వస్తాను.

— విశ్రాంత నావికుడు, హనుమకొండ