పడకల లెక్కకు ఏడాది సగటు చాలదు

ప్రభుత్వ ఆసుపత్రుల్లో పడకల సంఖ్యను ఏడాది సగటుతో నిర్ణయిస్తున్నందువల్ల, రద్దీ పెరిగిన వారాల్లో అత్యవసర విభాగానికి వచ్చినవారు స్ట్రెచర్ల మీదే గంటల తరబడి నిరీక్షించవలసి వస్తోంది. పడకలు సగటున సుమారు 85 శాతానికి మించి నిండి ఉంటే అత్యవసర రోగికి చోటు దొరకని ప్రమాదం మొదలవుతుందనీ, 90 శాతానికి చేరితే కొరత తరచూ తప్పదనీ 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన అధ్యయనం స్పష్టం చేసింది. మా అమ్మను చేర్చడానికి వెళ్లిన రోజు మెడికల్ వార్డు కిక్కిరిసి ఉండగా, పక్కనే సర్జరీ వార్డులో మంచాలు ఖాళీగా ఉండటం నేను కళ్లారా చూశాను. అవి వేరే విభాగానివన్న ఒక్క కారణంతో జ్వరంతో వణుకుతున్న ఆమెను సాయంత్రం దాకా వరండాలోనే ఉంచారు. ఉదయమే డిశ్చార్జి చెప్పినవారు సైతం కాగితాల కోసం అప్పటిదాకా పడకల మీదే ఎదురుచూశారు. రోగి సగటున ఉండే కాలం ఐదు రోజుల నుంచి నాలుగుకు తగ్గితే, అవే 100 పడకల్లో రోజుకు 20 మందికి బదులు 25 మందిని చేర్చుకోవచ్చు. అందువల్ల ప్రతి ఆసుపత్రిలో కొన్ని పడకలను ఏ విభాగానికీ కేటాయించకుండా ఉమ్మడిగా ఉంచాలి. డిశ్చార్జి పనులు మధ్యాహ్నంలోపు ముగించాలి. రద్దీ కాలంలో తెరిచే అదనపు వార్డుకు నర్సులను ముందుగానే ఎంపిక చేసి శిక్షణ ఇవ్వాలి. చూసుకునే నర్సు లేని మంచాన్ని పడకల లెక్కలో చేర్చరాదు.