ఆ మూడు డాలర్లు ఏ డాలర్లు?

సంపాదకులకు నమస్కారం.

మొన్న టీ కొట్టు దగ్గర పేపర్లో ప్రపంచ బ్యాంకు పేదరికపు లెక్కల వార్త చూస్తూ ఒకాయన, "రోజుకు 3 డాలర్లంటే రెండొందల యాభై పైమాటే. కూలికెళ్లినా అంతకంటే ఎక్కువొస్తోంది, ఇంకెక్కడి పేదరికం?" అన్నాడు. తప్పు ఆయనది కాదు, వార్త రాసిన తీరుది.

2025 జూన్‌లో ప్రపంచ బ్యాంకు కడు పేదరికపు గీతను 2.15 నుంచి 3 డాలర్లకు పెంచింది. అది మారకం రేటుతో గుణించే డాలరు కాదు. దేశదేశాల్లో సరుకుల ధరలు సేకరించి, కొనుగోలు శక్తిని బట్టి కట్టిన లెక్క. 2021 ధరల్లో అది మన దగ్గర సుమారు 60 రూపాయలే. అదీ మనిషికి. కూలి డబ్బును ఇంట్లో అందరికీ పంచి చూడాలి.

ఈ గీత ప్రకారం మన దేశంలో కడు పేదలు 2011-12లో 27.1 శాతం, 2022-23లో 5.3 శాతం. తగ్గింది, కాదనను. కానీ ఈ అంకెలకు ఆధారమైన రెండు ఇంటి ఖర్చుల సర్వేలూ ఒకే పద్ధతిలో జరగలేదు. కొత్తదానిలో ఒకే ఇంటికి మూడుసార్లు వెళ్లి విడివిడిగా అడిగారు. అలా అడిగితే మరిచిన ఖర్చులు గుర్తొస్తాయి; ఖర్చు ఎక్కువగా తేలితే పేదల లెక్క తగ్గుతుంది. (పాలకూ కూరగాయలకూ నెలకెంతంటే నేనో అంకె చెబుతాను, మా ఆవిడ ఇంకోటి చెబుతుంది!) మధ్యలో 2017-18 సర్వే నివేదికను ప్రభుత్వం విడుదలే చేయలేదు.

దేశాల పోలికల వార్తలు వేసేటప్పుడు ఏ డాలరో, ఏ ఏటి సర్వేనో, రూపాయల్లో ఎంతో పక్కన చిన్న బాక్సులో వేయండి.

- ఓ రిటైర్డ్ ఎకనామిక్స్ లెక్చరర్, తెనాలి