సరెండర్ చేసింది ఎవరి పోస్టు?

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న మీ పేపర్ జిల్లా పేజీలో రైల్వే యూనియన్ వాళ్ల ధర్నా ఫొటో వేశారు. నాలుగు జెండాలు, కింద రెండు లైన్లు, ఖాళీలు భర్తీ చేయాలని డిమాండ్ అని. వేసినందుకు సంతోషమే, కాదనను, కానీ అది చూసినవాళ్లకి 'వీళ్లకి ఎప్పుడూ ఏదో ఒక గోలే' అనిపిస్తుంది తప్ప సంగతేంటో బుర్రకెక్కదు. మా తమ్ముడి కొడుకైతే మొహం మీదే అడిగాడు, "పెదనాన్నా, ఎవర్నీ ఉద్యోగంలోంచి తీసెయ్యలేదుగా, మరి ధర్నా దేనికి?" అని. వాడికి నోటితో చెప్పింది సరిపోలేదు, అందుకే ఈ ఉత్తరం.

నిజమే, ఎవర్నీ తీసెయ్యరు. కిటుకంతా అక్కడే ఉంది. ఒక మనిషి రిటైర్ అవుతాడు, సాయంత్రం దండ వేసి శాలువా కప్పి ఇంటిదాకా దించి వస్తారు. మర్నాటి నుంచి అతని పని మిగిలినవాళ్లు పంచుకుంటారు. ఏడాదో రెండేళ్లో ఆ పోస్టు అలా ఖాళీగా ఉన్నాక, ఇన్నాళ్లూ మనిషి లేకుండానే నడిచింది కదా అని ఫైల్లో రాసి సరెండర్ చేసేస్తారు, అంటే ఆ పోస్టునే రద్దు చేసేస్తారు. ఇక అది కాగితం మీద కూడా ఉండదు. ఉద్యోగం పోయినవాడంటూ ఎవడూ కనపడడు కాబట్టి ఫొటో తీయడానికి కూడా ఏమీ ఉండదు. పోగొట్టుకున్నవాడు ఎక్కడో కోచింగ్ సెంటర్లో కూర్చుని బిట్లు బట్టీ కొడుతుంటాడు, తనది పోయిందని వాడికే తెలీదు.

ఇది నా ఊహ కాదు. 2020 జూలై 2న రైల్వే బోర్డు అన్ని జోన్లకీ రాసిన ఉత్తరంలో భద్రతకి సంబంధించినవి తప్ప కొత్త పోస్టులు ఆపమని, ఉన్న ఖాళీల్లో సగం సరెండర్ చేయమని ఉంది. దానికి ముందూ వెనకా కలిపి ఆరేళ్లలో 72 వేలకు పైగా పోస్టులు రద్దయ్యాయని 2022లో పత్రికల్లోనే వచ్చింది. పోనీ భద్రత పోస్టులైనా నిండుగా ఉన్నాయా అంటే, సమాచార హక్కు కింద ఇచ్చిన జవాబు ప్రకారం 2023 జూన్ నాటికి 2.74 లక్షల ఖాళీలుంటే అందులో 1.77 లక్షలు భద్రత విభాగానివే.

భద్రత అంటే చాలామందికి సిగ్నల్ లైటు గుర్తొస్తుంది. నేను పట్టాల మీద ముప్ఫై ఏళ్లు పనిచేసినవాణ్ణి, నాకు కీమేన్ గుర్తొస్తాడు. తెల్లారి భుజాన సుత్తి, పానా, ఎర్రజెండా వేసుకుని తన బీటు, అంటే తన వంతుకొచ్చిన దూరం మొత్తం ఒక పట్టా చూసుకుంటూ వెళ్లి, రెండో పట్టా చూసుకుంటూ వెనక్కి వస్తాడు. వదులైన క్లిప్పుని దెబ్బ వేసి బిగిస్తాడు, దెబ్బ చప్పుడు తేడాగా ఉంటే ఆగి వంగి చూస్తాడు. చలికాలం రాత్రుళ్లు పట్టా ముడుచుకుని వెల్డింగ్ దగ్గర పుటుక్కున విరగొచ్చు, అందుకే ఆ రోజుల్లో రాత్రి కూడా మనిషి టార్చి పట్టుకుని నడవాలి. ఇలాంటి రెండు బీట్లు కలిపి ఒకడికిచ్చారనుకోండి, వాడు నడవగలడు, కానీ వంగి చూడడానికి టైం ఉండదు.

అన్ని పోస్టులూ ఉంచాల్సిందే అని నేను అనను. ఆవిరి ఇంజన్లు పోయాక బొగ్గు వేసేవాళ్లతో పనేముంది? మెషిన్లు వచ్చాయి, మంచిదే, మా నడుములు కాస్త బతికాయి. కానీ నిజంగా అక్కర్లేని పోస్టు వేరు, మనిషిని వెయ్యకుండా ఎండబెట్టి చంపిన పోస్టు వేరు. 2024 జనవరిలో అసిస్టెంట్ లోకో పైలట్ల, అంటే రైలింజన్ సహాయ డ్రైవర్ల నోటిఫికేషన్ 5,696 పోస్టులకి ఇచ్చారు. అదే జూన్‌లో బెంగాల్లో కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగింది, ఆ నెలలోనే ఆ సంఖ్య 18,799 అయింది. ఆ పదమూడు వేల చిల్లర పోస్టులు జనవరిలో ఎక్కడున్నట్టు? అక్టోబర్‌కొచ్చేసరికి రిటైరైనవాళ్లనే 65 ఏళ్ల వరకు మళ్లీ పనిలోకి తీసుకోవచ్చన్నారు. మోకాళ్లు పట్టేసిన మమ్మల్ని మళ్లీ రమ్మన్నారంటే పని తగ్గలేదనే కదా అర్థం!

ఇక కుర్రాళ్ల సంగతి. 2019లో గ్రూప్ డి, అంటే అన్నిటికన్నా కింది స్థాయి పోస్టులు లక్ష చిల్లరకి నోటిఫికేషన్ ఇస్తే కోటి పదిహేను లక్షల మంది అప్లై చేశారు. పరీక్ష 2022 ఆగస్టులో మొదలైంది. అప్పటికే మూడేళ్లు దాటిపోయింది, ఆ ఎదురుచూపులోనే ఎంతోమందికి ఉద్యోగం వయసు దాటిపోయి ఉంటుంది.

యూనియన్ల మీద కూడా నాకు కోపముంది, దాచుకోను. 2024 డిసెంబర్‌లో ఏ యూనియన్‌కి గుర్తింపు ఇవ్వాలో తేల్చే ఎన్నికలు వచ్చినప్పుడు పట్టాల మీద పనిచేసే ప్రతి గ్యాంగ్ దగ్గరికీ వచ్చి చేతులు పట్టుకున్నారు, మిగతా రోజుల్లో ఆ హుషారు ఏదీ? 1974 మే నెలలో ఇరవై రోజుల సమ్మె గురించి మా మేస్త్రీ కథలు కథలుగా చెప్పేవాడు. అప్పుడు అడిగింది ఉన్నవాళ్ల బోనస్, పనిగంటల కోసం, కడుపు కాలినవాడే జెండా పట్టాడు. ఇప్పుడు ఇంకా ఉద్యోగంలోకే రానివాడి కోసం అడగాలి, అది చాలా కష్టం. గేట్లో నిలబడి జిందాబాద్ కొడితే అయ్యే పని కాదు. రైల్లో కూర్చున్నవాళ్ల దగ్గరికెళ్లి ఈ సెక్షన్లో ఇంతమంది ఉండాలి, ఇంతమందే ఉన్నారు అని చెప్పాలి. ఈసారి వాళ్ల కరపత్రం వెనకవైపు ఆ లెక్క వేశారు, నాకు నచ్చింది అదొక్కటే.

ఆ కరపత్రం ఈ ఉత్తరంతో పంపిస్తున్నాను. మీ విలేకరి ఒకసారి ఆఫీసువాళ్లని కూడా అడిగి, అంకెలు సరిపోతే వెనకవైపుది వెయ్యండి. ముందువైపు నాయకుల ఫొటోలే ఉన్నాయి, అవి అక్కర్లేదు.

ఇట్లు,
రిటైరైన ఒక ట్రాక్ మెయింటెయినర్