గెడ మంగ చేతికి ఇవ్వు

చి. బుజ్జికి,

నాన్న దీవెనలు.

నీ నాటిక అందింది. ఫోనులో అక్షరాలు చీమల్లా ఉన్నాయని మీ అమ్మ చదవనంది. అంబాజీపేట వెళ్ళి కాగితాల మీద తీయించుకొచ్చాను. ఇద్దరం చదివాం. తాత పాత్ర చదువుతున్నంతసేపూ ఆవిడ నన్ను ఓరగా చూసింది. ఆ మొండితనం ఎవరిదో నువ్వు చెప్పకపోయినా మాకు తెలిసిపోయింది. సరే, అది నీకూ నాకూ మధ్య ఉండనీ. ముందు నచ్చని సంగతి చెబుతాను.

నీ నాటికలో మంగ ఏమీ చేయదు.

పదేళ్ళ పిల్ల. ఏటి మధ్య లంకలో ఇల్లు. ఎగువన భద్రాచలంలో గోదావరి గంట గంటకూ పెరుగుతోంది. తాను సీసాతో పాలు పట్టి పెంచిన పెయ్య పాకలో కట్టేసి ఉంది. ఇంత సరుకు చేతిలో పెట్టుకుని నువ్వు ఆ పిల్లను అరుగు మీద కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగించావు. "తాతయ్యా, వరద ఎందుకు వస్తుంది?" తాత చెబుతాడు. "మాస్టారూ, ఇప్పుడు మనం ఏమి చేయాలి?" మాస్టారు చెబుతాడు. అధికారులు పడవ పంపుతారు, అందరూ ఏటిగట్టు చేరతారు, మాస్టారు ముందుకు వచ్చి ఒక పేజీ నిండా జాగ్రత్తలు వల్లిస్తాడు, తెర. చేయవలసినదంతా పెద్దవాళ్ళే చేసేస్తే ముందు చాపల మీద కూర్చున్న పిల్లలు ఎవరి వెంట నడవాలి? నాటకంలో ఎవరికి ఏది కావాలో, దానికోసం ఎవరు పూనుకుంటారో, వాళ్ళ వెంటే ప్రేక్షకుడి మనసు పోతుంది. పెద్దవాడైతే మర్యాదకు కూర్చుంటాడు. పిల్లవాడు లేచి బఠాణీల బండి దగ్గరకు వెళతాడు. నాటక పరిషత్తు పోటీల్లో బహుమతులు గెలిచిన నాటికలను కూడా పిల్లలు అలా వదిలేసి వెళ్ళడం నేను రంగు పూసుకుని వేదిక మీద నిలబడి చూశాను.

కాబట్టి మంగకు ఏమి కావాలో తేల్చు. నీ ప్రతిలోనే ఉంది, నువ్వు పట్టించుకోలేదు. పడవవాడు "మనుషులకే చోటు, పశువులకు లేదు" అని ఒక్క మాట అని వెళ్ళిపోతాడు చూడు, నాటిక అక్కడ మొదలవుతుంది. మంగ ఆ మాట విన్నది. ఏడవనక్కరలేదు, ఎవరినీ అడగనక్కరలేదు. చడీచప్పుడు లేకుండా వెళ్ళి పడవలోని గెడ తీసి గడ్డిమేటులో దాచేయనీ. గెడ లేకపోతే పడవ కదలదు. ఇప్పుడు ఊరంతా పదేళ్ళ పిల్ల చేతిలో ఉంది. తప్పు పనే, కాని అది ఆ పిల్ల చేసిన పని. కూర్చున్న ప్రతి పిల్లవాడికీ ఆ గెడ ఎక్కడుందో తెలుసు, వేదిక మీద పెద్దవాళ్ళకు తెలియదు. అంతకంటే వాళ్ళను కదలకుండా కూర్చోబెట్టే ఉపాయం నాకు తెలియదు.

ఇక్కడొక చిక్కు ఉంది, ముందే చూసుకో. పడవవాడు "గెడ ఏదర్రా?" అనగానే చాపల మీద నుంచి కేకలు వస్తాయి. సగంమంది "గడ్డిలో ఉంది" అంటారు, సగంమంది "చెప్పకండి" అంటారు. ఈ రెండింటికీ మాటలు రాసి పెట్టుకోవాలి. 1904లో లండన్‌లో పీటర్ పాన్ మొదటి ప్రదర్శన నాడు, చనిపోబోతున్న చిన్న దేవకన్యను బతికించడానికి చప్పట్లు కొట్టమని ప్రేక్షకులను అడిగే ఘట్టం ఉంటే, ఎవరూ కొట్టరేమోనన్న భయంతో వాద్యబృందాన్ని వాయిద్యాలు దింపి చప్పట్లు మొదలుపెట్టమని చెప్పి ఉంచారట. జనం తామంతట తామే కొట్టారు. ఆ జాగ్రత్త మనకూ కావాలి. కాని పిల్లల్ని అడిగాక వాళ్ళ జవాబు వినకుండా నాటకం తన దారిన తాను పోతే మాత్రం వాళ్ళు రెండోసారి నోరు విప్పరు. తోలుబొమ్మలాటలో నవ్వించే బొమ్మ కేతిగాడు ఈ పని ఎంత బాగా చేస్తాడో మాధవపట్నం ఆటలు చూసినవాళ్ళకు తెలుసు. జనంలోంచి ఎవరు ఏమన్నా అందుకుని ఎదురు మాట వేస్తాడు. వాడి మాటల్లో సగం పిల్లల ముందు అనదగినవి కావు, అది వేరే సంగతి.

ఇక పెద్దవాళ్ళ మాట. "ఇంటిల్లిపాదీ చూసేలా ఉండాలి, అందుకని పెద్దల కోసం మధ్యలో కొన్ని హాస్యపు మాటలు పెట్టాను" అని రాశావు. వాటిని తీసేయి. పిల్లలకు అర్థం కాని చతురోక్తికి పెద్దలు నవ్వితే, పిల్లలు తమను వదిలేసి పెద్దలు ఎక్కడికో వెళ్ళారని పసిగడతారు. ఒకే సంఘటన అందరికీ సరిపోవాలి. సురభి వాళ్ళ మాయాబజార్ చూడు. 1885లో వనారస గోవిందరావుగారు కీచకవధతో మొదలుపెట్టిన ఆ కుటుంబ నాటక సమాజంలో చంకలో పిల్లల నుంచి తాతల వరకు అందరూ వేదిక ఎక్కినవాళ్ళే, అందుకే చూసేవాళ్ళలోనూ అందరినీ పట్టుకోగలిగారు. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో పెళ్ళివారింట తిరుగుతుంటే చిన్నవాళ్ళు మాయ చూసి కేరింతలు కొడతారు. వెనక కూర్చున్న మామ్మలు మాత్రం ఆస్తి పోయిన మేనల్లుడికి పిల్లను ఇవ్వననే మేనమామ సంగతి చూస్తారు. అది వాళ్ళ ఇళ్ళలోనూ జరిగినదే. ఘట్టం ఒకటే.

నీకు అలాంటి ఘట్టం తాత ఇచ్చాడు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు వచ్చినప్పుడు కూడా తన అరుగు మునగలేదని ఆయన పట్టు. నువ్వు కథ పెట్టిన 2022 జులైలో అక్కడ 71.3 దగ్గర ఆగింది కనుక లెక్క తన వైపే ఉందనుకుంటాడు. అలాంటి తాత లేని లంక ఉండదు. ఆయన ఇల్లు వదలనంటాడు, మంగ పెయ్యను వదలనంటుంది. ఇద్దరిదీ ఒకటే మొండితనం. పిల్లలు మంగ వైపు, పెద్దలు తాత వైపు చేరి ఒకే గొడవ చూస్తారు. అప్పుడు మంగ చేత అనిపించు: "తాతయ్యా, నువ్వు రానన్నావుగా. నీ చోటులో పెయ్యను ఎక్కిస్తా." పిల్లలు విరగబడి నవ్వుతారు. తాత ఒక్క క్షణం ఆగి, "అలాగే ఎక్కించు, నా చోటు దానికి ఇచ్చేశాను" అంటాడు. ఇప్పుడు నవ్వడానికి వీలు లేదు. ఏది వదలాలో మంగ తేల్చుకోవాలి, గెడ ఆమె దగ్గరే ఉంది. ఆ పిల్ల ఏమి చేస్తుందో నేను చెప్పను. అది నువ్వు రాయాలి, రాసేముందు కొన్నాళ్ళు ఆ పిల్లతో తిరగాలి.

పెయ్య లంకలోనే ఉండిపోతే పిల్లలు బాధపడతారేమో అని ఫోనులో అన్నావు. బాధపడనీ. టాగూరు నాటకం డాక్‌ఘర్ (తపాలా కచేరీ) 1912లో అచ్చయింది. అందులో అమల్ అనే జబ్బు పిల్లవాడు కిటికీ దగ్గర కూర్చుని దారిన పోయేవాళ్ళందరితో మాట్లాడతాడు, రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూస్తాడు, చివరికి నిద్రపోతాడు. పూలమ్మే సుధ వచ్చి, తాను అతన్ని మరచిపోలేదని చెప్పమంటుంది. అది ఏ నిద్రో పెద్దలకు తెలుస్తుంది. పిల్లలు వాళ్ళకు చేతనైనంత తీసుకుంటారు. 1942 జులైలో, నాజీలు యూదులను నిర్బంధించిన వార్సా ఘెట్టోలో యానుష్ కోర్చాక్ తన అనాథాశ్రమం పిల్లల చేత ఆ నాటకమే ఆడించాడు. మరికొన్ని వారాలకే నాజీలు ఆ పిల్లల్నీ ఆయన్నీ ట్రెబ్లింకా మరణశిబిరానికి తరలించారు. అంతటి చోట ఆయన పిల్లలకు తేలికపాటి ఆటపాటలు ఎంచుకోలేదు. నీకు నేను చెప్పేది ఒకటే: మంగ తనకు చేతనైనదంతా చేసి ఉండాలి. ఏమీ చేయకుండా పోగొట్టుకున్నది చూస్తే పిల్లలకు భయం పుడుతుంది. పోరాడి పోగొట్టుకుంటే పక్కనున్న అమ్మ చేయి పట్టుకుని చూడగలరు. పెయ్యను బతికించుకున్నా నాకు అభ్యంతరం లేదు, కాని దాన్ని మంగే బతికించాలి, తహసీల్దారు వచ్చి బతికించకూడదు.

మాస్టారి ఉపన్యాసం నువ్వు మోజుపడి రాశావని తెలుస్తూనే ఉంది. అయినా పూర్తిగా కొట్టేయి. అందులోని లెక్కలు మాత్రం బంగారం, వాటిని పారేయకు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది అని మాస్టారు బోర్డు మీద రాసినట్టు చెప్పాడు. అవే నీ మూడు రంగాలు. మైకులో మొదటి హెచ్చరిక వినిపించేసరికి ఊళ్ళో ఎవరూ లెక్కచేయరు, రెండవదానికి సామాను సర్దుతారు, మూడవదానికి గెడ కనిపించదు. పాఠం చెప్పకుండానే ఆ మూడు అంకెలూ పిల్లలకు కంఠతా వస్తాయి.

నీతి చెప్పకూడదని నేను అనడం లేదు. మన గోదావరి జిల్లాల్లో కొత్త తరహా నాటకం మొదలైందే నీతికోసం. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తన విద్యార్థుల చేత వ్యవహార ధర్మబోధిని వేయించారు. వకీళ్ళ మోసాలూ కచేరీల లంచాలూ అందులోని సరుకు. చెప్పదలచినది అంత గట్టిదైనా ఆయన దాన్ని మనుషుల నడతలో పెట్టి నవ్వించి చెప్పారు. సంస్కర్తే ఉపన్యాసం మానుకున్నాక నీకేమి పని?

నాకు బాగా నచ్చినదేమిటంటే, గోదావరిని చూపించడానికి తెర మీద బొమ్మ వేయించకుండా పిల్లల్ని పెట్టాలన్న ఆలోచన. ఊళ్ళో ప్రతి తల్లీ తన బిడ్డకు వేషం కావాలంటుంది, మాటలు రాని పిల్లలు ఇరవైమంది మిగులుతారు. వాళ్ళందరినీ నీళ్ళు చేసేయి. మామ్మల పాత నేత చీరలు ఒకదానికొకటి ముడివేసి పట్టుకుంటారు. మొదటి హెచ్చరికకు చీర చీలమండ దగ్గర, రెండవదానికి మోకాలి దగ్గర, మూడవదానికి నడుము దగ్గర. ఒక్కో రంగానికి ఒక్కో అడుగు ముందుకు జరిగి, చివరకు వేదిక దిగి ముందు వరుస చాపల దాకా రావాలి. ముందు కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకుంటారు చూడు. ఉరుముకు పలుచని ఇనుప రేకు ఒకటి మన పెరట్లో ఉంది, తాడు కట్టి ఊపితే చాలు. లైట్లన్నీ ఒక్కసారిగా ఆర్పించకు. మూడేళ్ళవాళ్ళు ఏడుపు అందుకుంటే ఆ తరువాత రంగం ఎవరికీ వినబడదు.

పెద్దవాళ్ళ చేత పిల్లల వేషాలు వేయించాలా అని అడిగావు. బెర్లిన్‌లో గ్రిప్స్ అనే పిల్లల నాటకశాల వాళ్ళు అలాగే చేస్తారు, నటుడు మోహన్ ఆగాషేగారు 1986లో ఆ పద్ధతిని పుణేకు తెచ్చారు. బాగా చేసే నటులుంటే బాగుంటుంది. మన దగ్గర నటులు లేరు, పిల్లలు ఉన్నారు. పిల్లల్నే పెట్టు. మంగ వేషానికి మాత్రం గడగడా పద్యం చెప్పే పిల్లను తేకు, ఆ పిల్ల ప్రతి మాటా జనం వైపు తిరిగి చెబుతుంది. గెడ పట్టుకోవడం తెలిసిన పిల్ల కావాలి. లంక నుంచి పడవలో బడికి వచ్చేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారని మన పంతులమ్మగారు చెప్పారు, వాళ్ళను చూద్దాం.

నిడివి ముప్పావు గంట దాటనీయకు. నువ్వు పంపినది గంటన్నర ఉంటుంది, ఉపన్యాసమూ హాస్యమూ పోతే సగం భారం తగ్గుతుంది. కనుమ నాడు పెడదామన్నావు, కుదరదు. ఆ రోజు ప్రభల తీర్థానికి ఊరంతా జగ్గన్నతోటకు వెళుతుంది, మీ అమ్మతో సహా. భోగి నాటి సాయంత్రం రామాలయం ముందు పెట్టు, చలి ముదరకముందే అయిపోవాలి. మైకుల సంగతి నేను చూస్తాను. కొత్త ప్రతి ఈసారి కాగితం మీదే పంపు, పక్కన రాసుకోవడానికి చోటు వదులు. మీ అమ్మ కూడా రాస్తానంటోంది.

నాన్న