సంతకం పెట్టావా లేదా, ముందు అది చెప్పు

తెనాలి,
ఆదివారం

చి.సౌ. చిన్నికి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. గోంగూర పచ్చడి ఆర్టీసీ కార్గోలో వేయించాం. పైన నూనె తేలి ఉంటే వంపేయకు, ఆ నూనె ఉంటేనే బూజు పట్టదు. బుజ్జిగాడి దగ్గు తగ్గిందా? రాత్రిళ్లు వాణ్ణి నేరుగా ఫ్యాన్ కింద పడుకోబెట్టకు.

గురువారం మీ వదిన ఫోన్ చేసింది. రైతుబజారు గేటు దగ్గర గొడుగు వేసుకుని, డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెట్టే వాళ్లు కూర్చున్నారట. నువ్వు కూరల సంచి కింద పెట్టి ఆధార్ కార్డు తీసి ఇస్తుంటే చూసిందట. అడుగుదామని చేస్తే రెండుసార్లూ "పనిలో ఉన్నానమ్మా" అని పెట్టేశావు. అల్లుడుగారిని అడగడం బాగుండదని ఊరుకున్నాను.

సోలార్ వద్దని నేననను. మీ డాబాకి ఎండకేం తక్కువ లేదు. కానీ ఎన్ని కిలోవాట్లు పెట్టాలో నీ బిల్లులు చెప్పాలి, గొడుగు కింద కుర్రాడు కాదు. సంక్రాంతికి వచ్చినప్పుడు మీ పన్నెండు బిల్లులూ చూశాను. మేలో 410 యూనిట్లు, డిసెంబరులో 180, సగటున నెలకు 280. కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి. అంటే 3 కిలోవాట్లకు నెలకు 350 దాకా. నీకు అది చాలు. వాళ్లు 5 కిలోవాట్లు అంటున్నారని వదిన విన్నదట. పీఎం సూర్యఘర్ పథకం కింద కేంద్రం ఇచ్చే సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000, మొత్తం 78,000. అక్కడితో సరి. ఐదు పెట్టినా పది పెట్టినా అంతే. పై రెండు కిలోవాట్లూ పూర్తిగా నీ జేబులోంచే. మిగిలిన కరెంటు డిస్కం, అదే మనకు కరెంటు ఇచ్చే కంపెనీ, కొంటుందంటారు, కొంటుంది, కానీ నువ్వు కట్టే రేటుకు కాదు, అంతకంటే బాగా తక్కువకు. బిల్లు సున్నా అన్నా నమ్మకు, ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ ఎక్కడికీ పోవు.

"ఈ రోజే ఆఖరు, రేపు సబ్సిడీ ఉండదు" అన్నారా? 2024 ఫిబ్రవరిలో మొదలైన పథకం, 2026-27 ఆర్థిక సంవత్సరం దాకా పెట్టారు. ఒక్క సాయంత్రంలో రైతుబజారులో ముగిసిపోయేది కాదు. ఆలోచించుకుంటే నువ్వు వద్దంటావని తెలిసే తొందర పెడతారు.

బాపట్ల పిన్ని సంగతి నీకు సగమే తెలుసు. ఆవిడా ఇలాగే సంతలో ఆగింది. ట్యాబ్ మీద వేలితో సంతకం పెట్టించుకున్నారు, కొటేషన్ అన్నారు. రెండు ఓటీపీలు వస్తే చదివి చెప్పింది. ఒకటి కేవైసీది, అంటే మనిషి గుర్తింపు తనిఖీది, రెండోది బ్యాంకు ఖాతాలోంచి నెలనెలా డబ్బు లాక్కోవడానికి ఒప్పుకున్నట్టు. కొటేషన్ అన్నది నిజానికి 2,20,000 అప్పు దరఖాస్తు, 16 శాతం వడ్డీ, ఐదేళ్లు. పై నెల 5న 5,350 కట్ అయింది. అప్పటికి ఇంటికి ఒక్క ప్యానెల్ కూడా రాలేదు. మూడో నెలలో ఆరు ప్యానెళ్లు తెచ్చి మెట్ల మీద ఆనించి వెళ్లారు. ఇంకో నెలకు వచ్చి శ్లాబులో బోల్టులు దిగ్గొట్టారు, చుట్టూ సీలు వేయలేదు. తొలి వానకే పూజగది సీలింగు చెమ్మెక్కి సున్నం పెచ్చులు ఊడింది. సబ్సిడీ ఏమైందని బాబాయి వెళ్లి కనుక్కుంటే అసలు ఆ పథకం పోర్టల్‌లో దరఖాస్తే లేదు. ఆ కంపెనీ అందులో రిజిస్టరైన వెండరూ కాదు. మీటరు ఇంకా తాతగారి పేరు మీదే ఉంది. పైగా ప్యానెళ్లలో సెల్స్ విదేశాలవి. మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన డీసీఆర్ ప్యానెళ్లకే సబ్సిడీ. 78,000 అలా పోయింది. ఆ తర్వాత ఓ రాత్రి కాదు, పట్టపగలే కరెంటు పోయి ఇంట్లో ఫ్యాన్లు ఆగాయి. ఎర్రటి ఎండలో సోలార్ ఎందుకు ఆగిందని పిన్ని ఏడుపు. అది చెడిపోయి కాదు. బ్యాటరీ లేకుండా కరెంటు లైనుతో కలిసి నడిచే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్, లైన్లో కరెంటు పోగానే తనూ ఆగిపోవాలి. ఆగకపోతే మన ఇంటి కరెంటు వెనక్కి పారి స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. "సోలార్ ఉంటే కరెంటు పోదు" అని ఎవరు చెప్పినా అక్కడే లేచి వచ్చేయ్.

ఇంతకీ నువ్వు ఓటీపీ చెప్పావా?

చెప్పి ఉంటే ఈ రోజే చేయి, రేపటికి పెట్టకు. అప్పు కాగితం ఉందేమో చూడు. అప్పు వివరాలన్నీ ఒక్కచోట రాసిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో కూలింగ్ ఆఫ్ గడువు, అంటే అప్పు వద్దనుకుని వెనక్కి ఇచ్చేయగల గడువు, రాసి ఉంటుంది. ఆ లోపల అసలు తిరిగి కట్టేస్తే, వాడుకున్న రోజుల వడ్డీ తప్ప జరిమానా పడదు. బ్యాంకుకు వెళ్లి ఆటో డెబిట్ మ్యాండేట్ ఏమన్నా పడిందేమో అడిగి రద్దు చేయించు. వాళ్లకు వాట్సాప్‌లో "ఆర్డరు రద్దు చేస్తున్నాను" అని తేదీ వేసి రాయి, ఫోన్లో మాత్రం చెప్పకు, రుజువుండదు. డబ్బు తిరిగివ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, మోసంగా ఖాతాలోంచి పోతే క్షణం ఆగకుండా సైబర్ మోసాల నంబరు 1930కు ఫోన్ చేయి.

చెప్పకపోతే దేవుడి దయ. తీరిగ్గా చేయించుకుందాం. ముందు మీటరు నీ పేరు మీదికి మార్పించు, ఇంకా పాత ఇంటాయన పేరే ఉంది. దరఖాస్తు చేసినవాళ్ల పేరూ బిల్లులో పేరూ ఒకటి కాకపోతే అక్కడే ఆగిపోతుంది. తర్వాత పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో నువ్వే, నీ ఫోన్ నంబరుతో నమోదు చేసుకో. వెండర్ నంబరుతో చేయనివ్వకు. అందులోని జాబితా నుంచే ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకో. ప్యానెల్ కంపెనీ, వాట్లు, డీసీఆర్ అన్న మాట, ఇన్వర్టర్ మోడల్, ఎర్తింగులు ఎన్ని, ఐదేళ్ల మెయింటెనెన్స్, అన్నీ కాగితం మీద ఉండాలి. వచ్చిన కరెంటూ బయటికిచ్చిన కరెంటూ లెక్కపెట్టే నెట్ మీటరు పెట్టి డిస్కం వాళ్లు తనిఖీ చేశాకే సబ్సిడీ, అదీ నేరుగా నీ ఖాతాకు. "మా ఖాతాకు వస్తుంది, తగ్గించి ఇస్తాం" అనేవాడు వద్దు. అప్పు కావాలంటే 3 కిలోవాట్ల దాకా ప్రభుత్వ బ్యాంకులు తాకట్టు లేకుండా 2 లక్షల వరకు ఇస్తాయి. నీళ్ల ట్యాంకు నీడ చూసుకో. వరసలో ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా వరస మొత్తంలో కరెంటు తగ్గుతుంది. 300 చదరపు అడుగుల ఎండ చోటు కావాలి, నువ్వు వడియాలు పెట్టే వైపు సరిపోతుంది.

కొలతలకని ఎవరైనా వస్తే, నువ్వూ బుజ్జిగాడూ మాత్రమే ఉన్నప్పుడు డాబా ఎక్కనివ్వకు.

మాట్లాడే తీరిక లేకపోతే మానెయ్. కరెంటు బిల్లు పైభాగం, పేరు కనపడేలా ఒక ఫోటో, వాళ్లిచ్చిన కాగితం ఏదన్నా ఉంటే అదొకటి, రెండూ రాత్రికి పంపు. నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని నీ వాట్సాప్ తెరిచే కూర్చున్నారు. పచ్చడిలో తడి చెంచా పెట్టకు.

అమ్మ